విదేశాలకి పార్సిలా? డబ్బూ టైమూ మిగిలే చిట్కాలు

కూతురు డల్లాస్‌లో, తమ్ముడు దుబాయ్‌లో, మనవలు సిడ్నీలో. ఇప్పుడు మన వీధుల్లో పచ్చడి కలిపే రోజే అట్టపెట్టె కోసం వెతుకులాట కూడా మొదలవుతోంది. పోస్టులో పంపడం పెద్ద బ్రహ్మవిద్యేమీ కాదండీ. డబ్బు పోయేది పోస్టు చార్జీల దగ్గర కాదు, తెలియక పెట్టిన వస్తువు దగ్గర, సరిగ్గా రాయని కాగితం దగ్గర. ఏళ్ల తరబడి పంపుతూ, ఇరుగుపొరుగు వాళ్ల చేత పంపిస్తూ నేను పట్టుకున్న కిటుకులివి. అక్కరకొచ్చినవి తీసుకోండి.

ముందు చార్జీల లెక్క

1. పెట్టె కట్టకముందే ప్రతి పొట్లాన్నీ వంటింటి కాటా మీద తూచి చీటీలో రాసుకోండి. అదే చీటీ కస్టమ్స్ ఫారం నింపడానికీ పనికొస్తుంది, కౌంటర్ దగ్గర తడుముకోవక్కర్లేదు.

2. ఇండియా పోస్టు వెబ్‌సైట్‌లో దేశం పేరూ బరువూ కొడితే చార్జీ కనబడుతుంది. ఇంట్లోనే చూసుకుని వెళ్తే ఎంత డబ్బు పట్టుకెళ్లాలో తెలుస్తుంది, ఏ పొట్లం ఆపాలో కూడా తెలుస్తుంది.

3. విదేశీ స్పీడ్‌పోస్టు చార్జీ 250 గ్రాముల మెట్ల లెక్కన పెరుగుతుంది. పెట్టె 2 కిలోల 20 గ్రాములు తూగిందా, 2 కిలోల 250 గ్రాములకి కట్టాల్సిందే. కాబట్టి ఓ చిన్న పొట్లం తీసేయండి, లేదంటే ఆ మిగిలిన చోటుకి సరిపడా కంది పొడి పెట్టేయండి.

4. మొదటి మెట్టుకి చార్జీ ఎక్కువ, ఆ పైన ఒక్కో మెట్టుకీ తక్కువ. అందుకే రెండు చిన్న పెట్టెలకన్నా ఒక పెద్ద పెట్టె చవక.

5. చూసిన చార్జీ మీద 18 శాతం జీఎస్టీ ఉంటుందని గుర్తుంచుకోండి. బోర్డు మీద రేటు 2,000 అయితే చేతి నుంచి పడేది 2,360.

6. రెండు కిలోలలోపు చిన్న వస్తువైతే ‘ఇంటర్నేషనల్ ట్రాక్డ్ ప్యాకెట్’ ఆ దేశానికి ఉందా అని కౌంటర్‌లో అడగండి. ఉంటే స్పీడ్‌పోస్టు రేటుతో పోల్చి చూసి, తక్కువైనదాన్ని తీసుకోండి.

7. తినేవి స్పీడ్‌పోస్టులో, చీరలూ దుప్పట్లూ ఎయిర్ పార్సిల్‌లో పంపండి. పాడవని వాటికి తొందర చార్జీ కట్టడం దండగ.

8. పుస్తకాలు మాత్రమే పంపేటట్టయితే విడిగా కట్టి, ప్రింటెడ్ పేపర్స్ కింద రేటు ఎంతో అడగండి. అందులో ఉత్తరం ముక్క గానీ వేరే వస్తువు గానీ పెడితే ఆ రేటు వర్తించదు.

9. ప్రైవేటు కొరియర్ వాళ్లు బరువొక్కటే చూడరు, పెట్టె సైజు కూడా చూస్తారు. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5,000తో భాగిస్తారు, వచ్చిన అంకెకీ అసలు బరువుకీ ఏది ఎక్కువైతే దానికే డబ్బు. 40, 30, 30 సెంటీమీటర్ల పెట్టెలో 4 కిలోల జంతికలు పెట్టినా 7.2 కిలోలకి కట్టాలి, అందుకే సరుకుకి సరిపోయే పెట్టెనే వెతకండి.

10. చాలా దేశాలకి ఎయిర్ పార్సిల్‌లో ఒక పెట్టె 20 కిలోల వరకూ తీసుకుంటారు. అయినా అంత బరువు కట్టకండి, అవతల మూడో అంతస్తుకి మోసుకెళ్లేది మన పిల్లే.

కాగితాలు: అసలు కిటుకంతా ఇక్కడే

11. ఆధార్ జిరాక్సు ఒకటి, దాని మీద మీ సంతకం, మీ ఫోన్ నంబరు సిద్ధంగా పెట్టుకోండి. ఇది లేకపోతే కౌంటర్ దాకా వెళ్లి జిరాక్సు షాపు కోసం వెనక్కి తిరగాలి.

12. కస్టమ్స్ ఫారాలు రెండు రకాలు: చిన్న ప్యాకెట్లకి సీఎన్ 22, పార్సిళ్లకి సీఎన్ 23. ముందు రోజే తెచ్చుకుని ఇంట్లో తీరిగ్గా నింపండి. క్యూలో నిలబడి మోకాలి మీద రాసిన ఫారంలోనే తప్పులు దొర్లుతాయి.

13. ‘ఫుడ్ ఐటమ్స్’, ‘హౌస్‌హోల్డ్ గూడ్స్’ అని గుంపుగా రాయొద్దు, పెట్టె ఆగిపోయేది ఎక్కువగా అక్కడే. ‘హోమ్‌మేడ్ వెజిటేరియన్ మ్యాంగో పికిల్, 1 కేజీ’, ‘కాటన్ శారీ, 2’ అని ఒక్కో వస్తువుకీ ఒక్కో వరుస, పక్కన బరువు, విలువ ఇంగ్లిషులో రాయండి.

14. గోంగూర, సున్నుండలు, అరిసెలు అని ఉత్త పేర్లు రాస్తే అక్కడి ఆఫీసరుకి ఏం అర్థమవుతుంది? ‘సోరెల్ లీఫ్ పికిల్’, ‘బ్లాక్ గ్రామ్ స్వీట్’, ‘రైస్ అండ్ జాగరీ స్వీట్’ అని అందులో ఏముందో చెప్పండి, పెట్టె విప్పాల్సిన అవసరం తగ్గుతుంది.

15. విలువ ఉన్నదున్నట్టు రాయండి. సుంకం తప్పించుకుందామని 8,000 చీరకి 500 అని రాస్తే, అనుమానం వచ్చి ఆపినా మీదే నష్టం, పార్సిల్ పోతే పరిహారం అడగడానికీ నోరుండదు.

16. ఇంట్లో చేసిన పచ్చడికి విలువ సున్నా అని రాయకూడదు. సరుకుల ఖర్చు లెక్కేసి ఒక న్యాయమైన అంకె వెయ్యండి.

17. మనవాళ్లకి పంపేదైతే ‘గిఫ్ట్’ దగ్గర టిక్కు పెట్టండి. అమ్మకానికి పంపేవాటికి మాత్రం ఆ టిక్కు వద్దు, ఆ దారి వేరు, చివర్లో చెప్తాను.

18. పార్సిల్ అందకపోతే ఏం చేయాలో ఫారంలో ఒక గడి ఉంటుంది, చాలామంది దాన్ని చూడనే చూడరు. తినేవాటికి ‘వదిలేయండి’ అనీ, పట్టుచీరలకి ‘తిప్పి పంపండి’ అనీ గుర్తు పెట్టండి. తిరుగు ప్రయాణానికి కూడా మన దగ్గరే చార్జీ పడొచ్చు, రెండు నెలల నాటి కాజాల కోసం ఆ డబ్బు ఎందుకు?

19. 2021 నుంచి పెట్టెకన్నా ముందే దాని వివరాలు కంప్యూటర్‌లో అవతలి దేశానికి చేరాలన్న నియమం వచ్చింది. కౌంటర్‌లో టైపు చేసే అమ్మాయికి అర్థమయ్యేలా విడివిడి అక్షరాల్లో రాయండి, ఆమె టైపు చేసిందే అక్కడి కస్టమ్స్ చూస్తుంది.

20. చిరునామా ఇంగ్లిషు పెద్ద అక్షరాల్లో, దేశం పేరు ఆఖరి వరుసలో ఉండాలి. అపార్ట్‌మెంటు నంబరు, జిప్ కోడు పిల్లల చేత వాట్సాప్‌లో టైపు చేయించుకుని చూసి రాయండి, ఫోన్‌లో విని రాయొద్దు.

21. అందుకునేవాళ్ల ఫోన్ నంబరు దేశం కోడ్‌తో సహా రాయాల్సిందే. దుబాయ్, అబుదాబిలకి అయితే పీవో బాక్స్ నంబరూ 971తో మొదలయ్యే మొబైలూ రెండూ ఉండాలి, ఉత్త వీధి పేరుతో పని జరగదు.

22. చిరునామాలు రెండూ, సరుకుల జాబితా ఇంకో కాగితం మీద రాసి పెట్టె లోపల కూడా పెట్టండి. పైన కాగితం చిరిగినా లోపలిది దారి చూపిస్తుంది.

ఇవి పెట్టకండి

23. పూజ సామాను పంపుతుంటే కర్పూరం తీసేయండి. అది తేలిగ్గా అంటుకునే పదార్థం, విమానంలో వెళ్లనివ్వరు; ఆ ఒక్క డబ్బా కోసం పెట్టె మొత్తం ఆగుతుంది.

24. ఎండు కొబ్బరి చిప్పలు కూడా అంతే. వాటిలోని నూనెకి తనంతట తనే వేడెక్కి రాజుకునే గుణం ఉందని విమానాల నిబంధనల్లో ప్రమాదకర సరుకుల్లో చేర్చారు.

25. సెంటు, నెయిల్ పాలిష్, స్ప్రే డబ్బాలు, అగ్గిపెట్టెలు, దీపావళి టపాకాయలు వద్దు. కాకరపువ్వొత్తి ఒక్కటే కదా అనుకోకండి, అదీ వద్దు.

26. పవర్ బ్యాంకులు, విడి లిథియం బ్యాటరీలు పెట్టొద్దు. పిల్లల బొమ్మకి బ్యాటరీ ఉంటే తీసేసి ఉత్త బొమ్మనే పంపండి, సెల్స్ అక్కడే కొనుక్కుంటారు.

27. బంగారం, డబ్బు పెట్టెలో దాచి పంపకండి. పుట్టినరోజు కవర్లో 101 రూపాయలు కూడా వద్దు, ఆశీర్వాదం ఉత్తరంలో రాయండి.

28. చికెన్ పచ్చడి, మటన్ పచ్చడి అమెరికా, బ్రిటన్, యూరప్, ఆస్ట్రేలియాలకి పోస్టులో పంపకండి. దొరికితే చెత్తబుట్టే, మన కష్టం, మాంసం డబ్బు రెండూ పోతాయి.

29. కరివేపాకు అమెరికాకి వద్దు. అది నిమ్మ జాతి మొక్క, నారింజ తోటల్ని చంపే తెగులు మోసే పురుగు దాని మీద వస్తుందని వాళ్ల భయం, ఆ భయం నిజమైనదే.

30. అమ్మాయి పెరట్లో వేసుకుంటుందని గోంగూర, బీర విత్తనాలు పొడుల మధ్య దాచి పంపేవాళ్లున్నారు, ఆ పని చేయకండి. విత్తనాలకి మొక్కల ఆరోగ్య సర్టిఫికెట్లు, పర్మిట్లు అడుగుతారు. అక్కడి ఇండియన్ షాపుల్లో అవే విత్తనాలు ప్యాకెట్లలో దొరుకుతాయి.

31. బంగినపల్లి పండ్లు కూడా కుదరదు. 2007 నుంచి అమెరికా మన మామిడిని రానిస్తోంది గానీ రేడియేషన్ శుద్ధి చేసినవాటినే, అది ఇంటి పెట్టెకి అయ్యే పని కాదు. మామిడి తాండ్ర చేసి ఎండబెట్టి పంపండి.

32. గల్ఫ్‌కి, సింగపూర్‌కి గసగసాలు పొరపాటున కూడా పంపొద్దు. యూఏఈ, సౌదీ, సింగపూర్‌లలో అవి మత్తుమందు లెక్క, జైలు దాకా వెళ్లే కేసు. మసాలా పొడిలో కలిపినా సరే, ఆ మసాలా వాళ్లకి వేరేగా, గసగసాలు లేకుండా కొట్టండి.

33. తమలపాకులు, కిళ్లీలు కూడా యూఏఈకి నిషేధం. తాంబూలం ఫొటో తీసి పంపితే చాలు.

34. ఆస్ట్రేలియా, బ్రిటన్, యూరప్‌లకి పాలకోవా, కలాకంద్, గులాబ్‌జామూన్ లాంటి పాల మిఠాయిలు పెట్టకండి. పాలు లేని వేరుశనగ చిక్కీ, నువ్వుల జీడి లాంటివి చూసుకోండి, అవి తొందరగా చెడవు కూడా.

35. న్యూజిలాండ్‌కి తేనె వద్దు. తేనె కలిపిన ఆయుర్వేద లేహ్యం కూడా అదే లెక్క.

36. డాక్టరు చీటీ మీద ఇచ్చే మందులు అమెరికాకి పోస్టులో పంపే ఆలోచన మానుకోండి. పెట్టెలో వేస్తే చాలావరకు ఆపేస్తారు.

37. కొండపల్లి బొమ్మలు, ఏటికొప్పాక బొమ్మలు నిశ్చింతగా పంపొచ్చు, ‘పెయింటెడ్ వుడెన్ టాయ్’ అని రాయండి. ఆస్ట్రేలియాకైతే బెరడు, పురుగు కన్నం లేకుండా చూసుకోండి. మెత్తగా ఉంటుందని గడ్డి, ఊక పరచొద్దు, పండ్ల పెట్టెలూ గుడ్ల అట్టలూ వాడొద్దు.

సుంకం ఎవరికి, ఎంత

38. అమెరికా సంగతి బాగా మారింది. 800 డాలర్లలోపు సరుకుకి సుంకం లేదన్న పాత మాట 2025 ఆగస్టు 29తో పోయింది. మన పోస్టు కొన్ని వారాలు పార్సిళ్లు ఆపి, అక్టోబరు 15 నుంచి మళ్లీ తీసుకుంటోంది, కాకపోతే అక్కడి సుంకం ఇక్కడి కౌంటర్‌లోనే ముందు కట్టాలి. సుంకం రేటు మారుతూ ఉంటుంది, కట్టే రోజున అడిగి తీరాలి. పోయినేడాది ఎవరో కట్టిన లెక్క పట్టుకుని వెళ్లకండి.

39. మనిషి మనిషికి పంపే కానుకకి మాత్రం అమెరికాలో 100 డాలర్ల దాకా సుంకం లేదు. ఆ రోజు డాలరు రేటుతో లెక్కేసి, పెట్టె విలువ ఆ గీత దాటకుండా సర్దుకుంటే పోస్టు చార్జీతోనే సరిపోతుంది.

40. ఇక్కడే నాలుగో చిట్కాని కాస్త తిరగేయాలి. ఒకే పెద్ద పెట్టె చార్జీలో చవక, కానీ 100 డాలర్లు దాటితే సుంకం పడుతుంది. విలువైన చీరలు ఈ నెలా, పచ్చళ్లు వచ్చే నెలా పంపితే రెండు వైపులా కలిసొస్తుందేమో ఒకసారి కూడిక వేసి చూడండి.

41. అమ్మాయికి, అల్లుడికి, మనవడికి వేర్వేరు కానుకలుంటే ఒక్కోటీ విడిగా చుట్టి, పేరు రాసి, ఫారంలో వేర్వేరు వరుసల్లో చూపండి. ఎవరి కానుక వాళ్లదిగా లెక్కకొచ్చే అవకాశం అప్పుడే ఉంటుంది.

42. అమెరికాకి తినేవి పంపితే అక్కడి ఆహార, మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏకి ముందుగా నోటీసు ఇవ్వాలి. ఇంట్లో మీరు చేసి, మీవాళ్లకి కానుకగా పంపేదానికి మాత్రం ఆ నోటీసు అక్కర్లేదు, అందుకే ఫారంలో ‘హోమ్‌మేడ్’, ‘పర్సనల్ గిఫ్ట్’ అన్న రెండు మాటలూ మర్చిపోకండి.

43. మిఠాయి దుకాణంలో కొన్న డబ్బాకి ఆ మినహాయింపు లేదు. ఎఫ్‌డీఏ వెబ్‌సైట్‌లో ఉచితంగానే నోటీసు ఇవ్వొచ్చు, పిల్లల చేత చేయించి, వచ్చిన నంబరు ఫారం మీద రాయండి.

44. బ్రిటన్‌కి కానుక 39 పౌండ్లలోపు, యూరప్ దేశాలకి 45 యూరోలలోపు, కెనడాకి 60 కెనడా డాలర్లలోపు అయితే పన్ను బాధ లేదు. పెట్టెలో ‘హ్యాపీ బర్త్‌డే’ అనో ‘హ్యాపీ దీపావళి’ అనో కార్డు పెడితే అది కానుకే అని తెలుస్తుంది.

45. ఆస్ట్రేలియాలో సుంకానికి 1,000 ఆస్ట్రేలియా డాలర్ల దాకా వెసులుబాటు ఉంది, అక్కడ అసలు పరీక్ష సుంకం కాదు, పురుగూ పుట్రా. వాళ్లకి పంపేటప్పుడు విలువకన్నా వస్తువు మీద దృష్టి పెట్టండి.

పెట్టె కట్టడం

46. పచ్చడి మీద తేలే నూనె వంపేసి, మందపాటి కవర్లో వేసి వ్యాక్యూమ్ ప్యాకింగ్ చేయించండి, పచ్చళ్ల దుకాణాల్లో, మిఠాయి దుకాణాల్లో కాస్త డబ్బుకి చేసి పెడతారు. దాన్ని ఇంకో జిప్ కవర్లో, ఆపైన ప్లాస్టిక్ డబ్బాలో పెడితే మూడు గోడలున్నట్టే.

47. గాజు సీసాలు, జాడీలు వద్దే వద్దు. బరువుకి డబ్బు దండగ, పగిలితే పెట్టెలోని చీరలూ దండగ.

48. పొడులు పూర్తిగా చల్లారాకే కవర్లలో వెయ్యండి, రాత్రంతా పళ్లెంలో పరిచి ఉంచితే ఇంకా మంచిది. వేడి మీద కట్టిన పొడి దారిలోనే ఉండలు కట్టి బూజు పడుతుంది.

49. జంతికలు, చెగోడీల చుట్టూ బబుల్ షీట్ కొనకండి, పంపాలనుకున్న తువ్వాళ్లు, పిల్లల నూలు బట్టలే చుట్టండి. పంపే వస్తువే మెత్తగా పనిచేస్తుంది, దాని బరువుకి విడిగా కట్టేదేమీ లేదు.

50. పూతరేకులు ఎంత బాగా కట్టినా నలుగుతాయి. పంపాలనే ఉంటే గట్టి డబ్బాలో ఖాళీ లేకుండా ఇరికించి, పెట్టెలో పై వరుసలో పెట్టండి.

51. అగరొత్తులు, సబ్బులు, కుంకుడుకాయ పొడి మిఠాయిలతో ఒకే పెట్టెలో వద్దు. పది రోజుల ప్రయాణంలో సున్నుండలకి సాంబ్రాణి వాసన పట్టేస్తుంది.

52. పోస్టాఫీసుకి పెట్టె మూత తెరిచే తీసుకెళ్లండి, లోపల ఏముందో చూడాలంటారు. టేపు, కత్తెర, మార్కరు చేతి సంచిలో పెట్టుకుంటే చూపించాక అక్కడే అంటించేయొచ్చు.

53. అట్టపెట్టె అతుకుల మీదే కాకుండా అంచుల మీద కూడా టేపు వెయ్యండి, అడుగున రెండు వరుసలు. పాత పెట్టె వాడుతుంటే మునుపటి స్టిక్కర్లు, బార్‌కోడ్‌లు పూర్తిగా చించేయండి, లేకపోతే మిషన్ పాత చిరునామా చదువుతుంది.

54. చిరునామా కాగితం మీద పారదర్శక టేపు వెయ్యండి, బార్‌కోడ్ మీద మాత్రం వద్దు. వానాకాలంలో పెట్టెని ముందు ప్లాస్టిక్ షీట్‌లో చుట్టి, దాని మీద కాగితం అంటించండి.

55. కట్టే ఓపిక లేకపోతే పెద్ద పోస్టాఫీసుల్లో డబ్బు తీసుకుని ప్యాకింగ్ చేసే సౌకర్యం ఉంటుంది. మీ ఊరి హెడ్ పోస్టాఫీసులో ఉందో లేదో ఫోన్ చేసి కనుక్కుని వెళ్లండి.

కౌంటర్ దగ్గర, ఆ తర్వాత

56. సోమవారం, సెలవు మర్నాడు వెళ్లకండి, మిగతా రోజుల్లో కౌంటర్ తెరిచిన వెంటనే వెళ్లండి. విదేశీ పార్సిల్ బుకింగ్‌కి టైపింగ్ ఎక్కువ, తొందరలో ఉన్న గుమస్తాకన్నా తీరిగ్గా ఉన్న గుమస్తా మేలు.

57. రసీదు మీద ఇంగ్లిషులో రెండు అక్షరాలు, తొమ్మిది అంకెలు, చివర ‘ఐఎన్’ ఉంటాయి; ‘ఈ’తో మొదలైతే స్పీడ్‌పోస్టు, ‘సీ’తో మొదలైతే పార్సిల్. టైపు చేసిన పేరు, జిప్ కోడ్ అక్కడే సరిచూసుకుని, ఫొటో తీసి పిల్లలకి పంపేయండి.

58. పెట్టె దేశం దాటాక అదే నంబరుని అక్కడి పోస్టు వెబ్‌సైట్‌లో వెయ్యండి: అమెరికాకి యూఎస్‌పీఎస్, కెనడాకి కెనడా పోస్ట్, ఆస్ట్రేలియాకి ఆస్ట్రేలియా పోస్ట్. మన సైట్‌లో కదలిక ఆగినట్టున్నా అక్కడ కనబడుతుంది, అనవసరంగా కంగారు పడరు.

59. కస్టమ్స్ నుంచి మెసేజ్ వస్తే వెంటనే బదులివ్వమని పిల్లలకి ముందే చెప్పండి. గడువు దాటితే పెట్టె తిరుగు దారి పడుతుంది. అలాగే పన్ను కట్టమని లింకు వస్తే దాన్ని నొక్కకుండా, పోస్టు వెబ్‌సైట్‌లోకి విడిగా వెళ్లి చూసుకోమనండి, మోసగాళ్లు ఇదే దారి పట్టారు.

60. పెట్టె చేరే దాకా రసీదు, ఫారం కాపీ పదిలం. ఆలస్యమైతే ‘ఇంకో వారం చూద్దాం’ అని వాయిదా వేయకుండా ఫిర్యాదు పెట్టండి, ఫిర్యాదుకీ గడువుంటుంది.

61. దసరా, దీపావళి కానుకలు కనీసం నెల ముందు బయల్దేరాలి. సంక్రాంతి అరిసెలకి మరీ జాగ్రత్త, డిసెంబరంతా అక్కడ క్రిస్మస్ రద్దీ, మన పెట్టె ఆ పార్సిళ్ల కింద పడుతుంది.

62. పచ్చళ్లు, పొడులు అమ్మకానికి పంపాలనుకునే ఆడవాళ్లకి ‘డాక్‌ఘర్ నిర్యాత్ కేంద్రాలు’ ఉన్నాయి, పోస్టాఫీసు నుంచే ఎగుమతి కాగితాల పని చూసుకోవచ్చు. ముందు ఎగుమతిదారు కోడు ఐఈసీ, ఆహారానికి ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లైసెన్సు తీసుకుని, మీ జిల్లాలో ఆ కేంద్రం ఏ పోస్టాఫీసులో ఉందో హెడ్ పోస్టాఫీసులో అడగండి.